గుట్ట ఊపిరి

నవంబరు మొదటి వారంలో తపాలాలో వచ్చిన పొట్లాన్ని ఓయివా తన బల్ల మీద పెట్టుకుని, అంచు వెంబడి కత్తెరతో జాగ్రత్తగా కోసి తెరిచాడు. లోపల రెండు నల్లని ప్లాస్టిక్ డబ్బాలు, ఒక సూచనల కాగితం, తేదీలు రాసి పంపవలసిన రెండు చీటీలు ఉన్నాయి. డబ్బాలు బూటు పాలిష్ డబ్బాలంత ఉన్నాయి. ఊపితే చప్పుడు లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. కాగితపు మిల్లుల యంత్రాల వాడుక పుస్తకాలను జర్మను నుంచి ఫిన్నిష్‌లోకి అనువదించి పొట్టపోసుకునే మనిషి కనుక, అతను సూచనల కాగితాన్ని మూడుసార్లు చదివాడు. రెండో పేరాలో తప్పిపోయిన ఒక కామాను పెన్సిలుతో పెట్టాడు. ఆ తర్వాతగాని డబ్బాను ముట్టుకోలేదు. దాన్ని నేల మీద పెట్టకూడదు, గోడకు ఆనించకూడదు. కిటికీకీ పొయ్యికీ దూరంగా, కూర్చున్న మనిషి ముఖమంత ఎత్తున ఉంచాలి. రెండు నెలలు కదపకూడదు. ఆ రెండు నెలలూ ఇంట్లోవాళ్ళు ఎప్పటిలాగే బతకాలి.

ఆ చివరి వాక్యం దగ్గర అతను కాసేపు ఆగిపోయాడు. ఎప్పటిలాగే బతకడం అతనికి ఎనిమిదేళ్ళుగా అలవాటైన పనే. అత్తగారు ఎల్వీరాకు తుంటి ఎముక విరిగిన ఏడు, భార్య సిర్కాతో కలిసి, ఈ ఒక్క చలికాలానికే అనుకుని ఈ ఇంటికి వచ్చాడు. ఎముక వసంతానికల్లా అతుక్కుంది. వాళ్ళు మాత్రం ఉండిపోయారు. ఇప్పుడు లేని మామగారు ఏమెలి నలభై ఏళ్ళ క్రితం, మిల్లులో పని దిగి వచ్చిన సాయంత్రాల్లో, ఒక్కో పలకా తానే కొట్టి కట్టిన ఇల్లు అది. రెండు సరస్సుల మధ్య నిలిచిన పిస్పాల కంకరగుట్టకు దక్షిణపు వాలులో, దాదాపు సరస్సు ఒడ్డున ఉంటుంది. పై అంతస్తు ఎల్వీరాది. సగం వాలులోకి దిగబడిన కింది అంతస్తులో ఒక పడకగది, ఒక నడవా, నడవా చివర గుట్టలోకి పన్నెండు మీటర్ల లోతున తవ్విన కొట్టు. దాన్ని ఇంట్లో అందరూ చలికొట్టు అంటారు. పడకగదిలోనే ఓయివా బల్ల, నిఘంటువులు, అతని పగలూ రాత్రీ. గది కిటికీ నేలకు జానెడెత్తున ఉండటంతో అతను చూడగలిగేది దారిన పోయేవాళ్ళ చీలమండలు మాత్రమే. ఇల్లరికపుటల్లుడికి ఆ మాత్రం దృశ్యం చాలునని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ కలగలేదంతే.

వెళ్ళిపోదామని అతను ఏడాదికోసారి అడిగేవాడు. "ఏం చెప్పి వెళ్తాం?" అని సిర్కా ఏడాదికోసారి తిరిగి అడిగేది. అత్తగారు మంచిది, ఇల్లు గట్టిది, అద్దె లేదు. వెళ్ళడానికి కారణమంటూ ఒకటి ఉండాలి కదా. ఆ శరదృతువులో పై వీధిలో వరసగా నాలుగిళ్ళలో రేడాన్ బయటపడింది. నేలలోంచి పుట్టి, రంగూ వాసనా లేకుండా గదుల్లో చేరే వాయువు అది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ తెచ్చిపెడుతుంది. ఆ కబురు విన్న రోజు సిర్కా రొట్టె కోస్తూ, తలెత్తకుండా అంది:

"మనమూ కొలిపిద్దాం. హద్దు నాలుగు వందలట, అది దాటితే వెళ్ళిపోదాం, అమ్మ కూడా ఏమీ అనడానికుండదు. దాటకపోతే మాత్రం ఇంక ఆ మాట ఎత్తకు, ఓయివా."

"ఎత్తను," అన్నాడు ఓయివా. అంత త్వరగా ఒప్పుకోవడం తనకే వింతగా తోచింది.

ఆ విధంగా డబ్బా నిఘంటువుల బీరువా మీదికి ఎక్కింది. రెండోదాన్ని ఎల్వీరా గదిలో పెట్టారు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో కిటికీల యుద్ధం మొదలైంది. ఎల్వీరాకు డెబ్బై నాలుగేళ్ళు. ఎంత చలి ఉన్నా పొద్దున్నే ఇంట్లోని కిటికీలన్నీ పది నిమిషాలు బార్లా తెరిచి గాలి మార్పించకపోతే ఆవిడకు కాఫీ దిగదు. ఓయివా ఎల్వీరా వెనకే తిరుగుతూ ఒక్కొక్కటే మూసేవాడు.

"అల్లుడుగారూ! మీ డబ్బాకి గానీ చలేస్తోందా ఏంటి, కిటికీ మూసేశారు?"

"బయట సున్నాకి ఇరవై కింద ఉంది, అత్తయ్యగారూ."

"ఉండనీండి. పాతగాలి పోవాలా వద్దా? నిన్న వదిలిన గాలే ఇవాళ మళ్ళీ పీల్చుకుంటూ కూర్చుంటే బుర్రకేం ఎక్కుతుంది? అందుకే ఆ జర్మనువాళ్ళ పుస్తకం మూడు నెలలుగా అక్కడే కొట్టుకుంటోంది."

"ఎప్పటిలాగే బతకమని కాగితంలో రాశారు."

"నేను డెబ్బై నాలుగేళ్ళుగా ఇలాగే బతుకుతున్నా. మీరే ఈ నవంబరు నుంచి కొత్తగా బతుకుతున్నారు."

అది నిజమే. ఎవరూ చూడనప్పుడు అతను గోడలోని గాలిరంధ్రం మూతను వేసేవాడు. గది తలుపు సందులో తువ్వాలు కుక్కేవాడు. తన ఇంటి గాలి చెడ్డదై ఉండాలని కోరుకునే మనిషిని లోకంలో ఇంకెక్కడైనా చూడగలమా అని ఒక్కోసారి సిగ్గుపడేవాడు. సిగ్గుపడుతూనే తువ్వాలును ఇంకాస్త లోపలికి నెట్టేవాడు.

మార్చిలో ఫలితం వచ్చింది. రేడాన్‌ను కొలిచే లెక్కలో కింది గదిలో తొంభై బెకెరెళ్ళు. పై గదిలో అరవై.

ఎల్వీరా ఆ కాగితాన్ని అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకు అంటించి, కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "తొంభై! పై వీధిలో కౌకో ఇంట్లో మూడు వేలట. నేల తవ్వి ఫ్యాను పెట్టుకున్నాడు, అది రాత్రింబగళ్ళు గుర్రుపెడుతూనే ఉంటుంది. వాళ్ళావిడ గుర్రు చాలదన్నట్టు. మా ఏమెలి స్థలం ఏరేటప్పుడు అందరూ నవ్వారు, పైనుంటే రెండు సరస్సులూ కనిపిస్తాయి కదా, కిందెందుకని. ఇప్పుడెవరు నవ్వాలి?"

సిర్కా కాగితాన్ని ఒక్కసారి చూసి, "సరే మరి," అంది. కట్టెలు తెస్తానని బుట్ట పట్టుకుని పెరట్లోని కట్టెల కొట్టానికి వెళ్ళింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. అమ్మను వదిలి వెళ్ళనక్కర్లేదన్న ఊరటతో కాసేపు ఒంటరిగా ఉండాలనుకుందేమోనని ఓయివా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అడగలేదు. మాట ఎత్తనని మాట ఇచ్చాడు కదా.

ఏప్రిల్లో తుర్కు పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళికి ముందు అతను పనిచేసిన నిఘంటువు కార్యాలయంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆగస్టు చివరి దాకా అతని కోసం ఆపుతామని పాత సహోద్యోగి రాశాడు. ఉత్తరాన్ని మడిచి ఒక నిఘంటువులో దాచాడు. కిటికీలోంచి చీలమండలు వెళుతూనే ఉన్నాయి. బూట్లు పోయి చెప్పులు వచ్చాయి.

జూన్‌లో ఎండలు ముదిరాయి. ఏటా ముదిరే ఎండలకు ఆ ఇంట్లో ఏటా జరిగే ఏర్పాటొకటుంది. ఎల్వీరా ఒక పొద్దున కర్ర ఊతంగా కింది నడవాకు దిగి, చలికొట్టు తలుపు గడియ తీసి, తలుపును గోడకు ఆనించి, కింద ఒక చెక్కముక్క పెట్టింది. వెంటనే నడవా నిండా చల్లగాలి పరుచుకుంది. ఏమెలి వెన్నా దుంపలూ దాచడానికి తవ్విన కొట్టు అది. మొదటి వేసవిలోనే అది ఇల్లంతటినీ చల్లబరుస్తుందని కనిపెట్టాడు. అప్పటినుంచీ వేసవి మూడు నెలలూ ఆ తలుపు తెరిచే ఉంటుంది. వాలు కింది ఇళ్ళవాళ్ళంతా తమ తమ కొట్లతో చేసేది అదే. జులైలో కూడా ఓయివా ఊలు మేజోళ్ళు వేసుకుని పని చేస్తాడంటే పట్నంలో ఎవరూ నమ్మరు.

ఆ రోజు బల్ల మీది కాగితపు చీటీలు ఎగిరి కిటికీ వైపు పడ్డాయి. ఏరుకోవడానికి వంగిన ఓయివా అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. గాలి కొట్టులోంచి గదిలోకి వస్తోంది. అది కొత్త సంగతి కాదు. ఎనిమిది వేసవులుగా వస్తూనే ఉంది. కాని చలికాలంలో అదే తలుపును రెండు చేతులా లాగితేగాని తెరవలేకపోయేవాడు. వదిలితే దానంతట అదే దబ్బున మూసుకునేది. వేసవిలో గడియ పెట్టకపోతే తలుపు మూసుకుని ఉండదు. "చలికాలంలో అలుగుతుంది, వేసవిలో పలకరిస్తుంది" అని అత్తగారు నవ్వుతూ చెప్పే మాటే అది. చలికాలంలో కొట్టు గాలిని లోపలికి పీలుస్తోంది. వేసవిలో బయటికి విడుస్తోంది.

అతను లేచి అగ్గిపుల్ల గీసి ఆర్పి, పొగను తలుపు దగ్గర పట్టుకున్నాడు. పొగ వంగి తన ముఖం మీదికే వచ్చింది.

గడ్డకట్టే చలిలో పై వీధిన రాళ్ళ సందుల్లోంచి ఆవిరి లేవడం, అక్కడ మంచు నిలవకుండా కరగడం అతను ఎన్నిసార్లు చూడలేదు? గుట్టంతా కంకర; కంకరంతా సందులు. చలికాలంలో గుట్ట లోపలి గాలి బయటికన్నా వెచ్చన. తేలికై పైకి పోతుంది, పై ఇళ్ళలో దూరుతుంది. కింద ఖాళీ అయినచోటికి బయటి శుభ్రమైన గాలి వచ్చి చేరుతుంది. అందుకే కౌకోకు మూడు వేలు, తమకు తొంభై. వేసవిలో లోపలి గాలి బయటికన్నా చల్లన. బరువెక్కి కిందికి జారుతుంది. గుట్ట పొట్టలో పుట్టిన రేడాన్‌నంతా వెంటబెట్టుకుని పాదం దగ్గర బయటపడుతుంది. తాము చలికాలంలో కొలిచారు. ఎవరైనా చలికాలంలోనే కొలుస్తారు. కొలవమని చెప్పేదీ అప్పుడే.

పై అంతస్తుకు వెళ్ళి, అత్తగారు పెరట్లో ఉన్నారని చూసుకుని, ప్రయోగశాలకు ఫోన్ చేశాడు.

"వేసవిలో కొలతలు తీసుకోమండీ," అంది అవతలి ఆడగొంతు, రోజుకు పదిసార్లు చెప్పే మాటలా. "కిటికీలు తీసి ఉంటాయి కదా, అంకె తక్కువొస్తుంది. నవంబరులో పంపుతాం."

"మాది పిస్పాల."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "పిస్పాలలో ఎక్కడ? పైనా, కిందా?"

"కింద. దక్షిణం వైపు. గుట్టలోకి తవ్విన కొట్టు ఉంది. వేసవిలో దాని తలుపు తెరిచి పెడతాం, చల్లగా ఉంటుందని."

"ఇంట్లోకా?"

"ఇంట్లోకే."

"మీకు వేసవి డబ్బా ఇవాళే పంపిస్తాను," అంది ఆవిడ. "ఈలోపల ఆ తలుపు..." అని ఆగి, "మీ ఇష్టం. కానీ నేనైతే మూసేస్తాను," అంది.

డబ్బా నాలుగు రోజుల్లో వచ్చింది. జూన్ పద్నాలుగున ఓయివా దాన్ని తుర్కు ఉత్తరం ఉన్న నిఘంటువు పక్కనే, రెండు పుస్తకాల మధ్య పెట్టి, చీటీ మీద తేదీ వేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం తనకు తాను చాలా శ్రద్ధగా నిర్మించుకున్నాడు: చెబితే తలుపు మూస్తారు, మూస్తే అంకె రాదు, అంకె రాకపోతే ఒప్పందం ప్రకారం నోరెత్తే హక్కు లేదు. ఎనిమిది వేసవులు పీల్చిన గాలి మరో రెండు నెలలకు ఏం చేస్తుంది? గణితం తప్పు కాదు. ఆ గణితాన్ని పొద్దునా సాయంత్రమూ చేసుకోవలసి రావడమే, దానిలో ఏదో తప్పుందనడానికి గుర్తు.

రోజులు అతన్ని నలువైపులా బిగించడం మొదలుపెట్టాయి. తలుపు తెరిచి ఉంటే సిర్కా ఊపిరి పీల్చడం విని ఓర్చుకోలేకపోయేవాడు. మూసి ఉంటే అంకె లేకుండానే ఆగస్టు దాటిపోతుందని భయపడేవాడు. ఇరవై ఎనిమిదో తేదీన వాన పడి ఇల్లు చల్లబడింది. ఎల్వీరా కిందికి దిగి గడియ పెట్టి పోయింది. ఓయివా గంటసేపు ఒకే వాక్యాన్ని అనువదిస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి గడియ తీసి, తలుపును గోడకు ఆనించి, చెక్కముక్కను కాలితో సందులోకి తోశాడు. పని ముగించి సాయంత్రం ఇంటికొచ్చిన సిర్కా, "ఇవాళ కూడా తీశారా? కాళ్ళు కొంకర్లు పోతున్నాయి," అని దుప్పటి కప్పుకుంది. ఆ రోజు తెరిచింది గాలి కోసం కాదు, వేడికీ కాదు, అంకె కోసం. ఎప్పటిలాగే బతకడం అన్న నియమానికి కూడా అది విరుద్ధం.

జులై మూడున ఉష్ణోగ్రత ముప్ఫై దాటింది. శనివారం. ఓయివా రొట్టెలు కొని మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నడవాలో మాటలు వినిపించాయి. ఎల్వీరా చలికొట్టు గడప ముందు స్టూలు వేసుకుని, వాచిన కాళ్ళను గడపకు ఆవలికి చాపుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని కొత్త దుంపల పొట్టు గీకుతోంది. పక్కనే చాప మీద సిర్కా వెల్లకిలా పడుకుని ఉంది. తల గడప మీద. జుట్టు గాలికి వెనక్కి ఎగురుతోంది. కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి, దాహం తీరుతున్న మనిషిలా గాలిని తాగుతోంది.

"రండి అల్లుడుగారూ," అంది ఎల్వీరా. "సిర్కా, జరుగు. మీ ఆయనకీ కొంచెం స్వర్గం వదులు."

ఓయివా రొట్టెల సంచీ కింద పెట్టాడు. వంగి సిర్కా భుజాల కింద చేతులు వేసి, ఆమెను గడప నుంచి వెనక్కి లాగాడు. చెక్కముక్కను తన్నేశాడు. తలుపు మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏమైంది మీకు?" ఎల్వీరా గిన్నె ఒళ్ళోంచి జారబోయింది. "నా కాలు ఇంకా లోపలుంటే?"

"ఈ తలుపు తీయొద్దు అత్తయ్యగారూ."

"తీయొద్దా? ఎవరు తవ్వారు ఈ కొట్టు? మీరా? మీ నిఘంటువులా?"

"ఓయివా," సిర్కా మోచేతుల మీద లేచింది. "ఏంటో చెప్పు."

చెప్పాడు. మొదట పొడిపొడిగా, తర్వాత యంత్రాల పుస్తకంలోలా వరుసగా చెప్పాడు: చలికాలంలో గాలి ఎటు, వేసవిలో ఎటు, పై వీధికి ఎందుకు మూడు వేలు, తమకు ఎందుకు తొంభై. ఫోన్‌లో ఆవిడ అన్న మాట. చివరకు బీరువా దగ్గరికి వెళ్ళి, డబ్బాను కదపకుండా, దాని పక్కనున్న చీటీని తెచ్చి చూపించాడు.

సిర్కా చీటీ మీది తేదీ చదివింది. "పద్నాలుగు. అంటే పందొమ్మిది రోజులు."

"అవును."

"పందొమ్మిది రోజులు నీకు తెలుసు. నా తల నీ తలకి మూరెడు దూరంలో ఉంది." గొంతు పెంచలేదు. ఆమె దంతవైద్యుడి దగ్గర నర్సు; పళ్ళ బాధతో వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు అది. "పంటికి ఒక్క ఎక్స్‌రే తీయాలంటే రోగి మీద సీసపు కోటు కప్పి, నేను గది బయటికెళ్ళి బటన్ నొక్కుతాను. రోజూ. ఇంటికొచ్చి ఇందులో పడుకుంటున్నానన్నమాట. నువ్వు పక్కనుంచి లెక్కపెడుతున్నావు."

"తలుపు మూస్తే అంకె రాదు. అంకె రాకపోతే వెళ్ళలేం. నువ్వే అన్నావు."

"నేనన్నాను. తొంభై అని చదివినప్పుడు నాకెలా ఉందో నువ్వు అడిగావా? కట్టెల కొట్టంలో అరగంట ఏం చేశాననుకున్నావు, కట్టెలు ఏరాననుకున్నావా?"

ఓయివా ఆమె వైపు చూశాడు. నాలుగు నెలలుగా తప్పుగా చదువుకున్న వాక్యం ఒక్కసారిగా సరైన అర్థంతో ఎదుట నిలబడింది. ఆమె కూడా ఆ అంకె కోసమే ఎదురుచూసింది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే తాళంచెవి కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు వెతికారు.

"వెళ్ళడమా?" అంది ఎల్వీరా. దుంపల గిన్నె నేల మీద పెట్టేసింది. "ఎక్కడికి వెళ్ళడం?"

ఆమె కూతురి వైపే చూసింది. సిర్కా లేచి కూర్చుని, చాప అంచు సరిచేసి, "తుర్కుకమ్మా," అంది. "ఆయనకి అక్కడ పని ఉంది. ఉత్తరం నేనూ చూశాను, నిఘంటువు దులుపుతుంటే పడింది. మేం వెళ్తాం."

"అంకె వచ్చినా రాకపోయినా?"

సిర్కా ఒక్క క్షణం తటపటాయించింది. "రాకపోయినా."

ఆ ఒక్క మాటకు ఎనిమిదేళ్ళు పట్టింది. ఎల్వీరా తన కాళ్ళ వైపు చూసుకుంది. అరుస్తుందని ఓయివా సిద్ధపడ్డాడు. ఆమె అరవలేదు.

"వెళ్ళండి," అంది. "రమ్మన్నది నేనే, ఉండమన్నది మాత్రం నేను కాదు. ఉంటున్నారు కదా, ఎలా పొమ్మంటాను అనుకున్నా. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ తలుపు తీసిపెట్టి పొండి. నాకు కాళ్ళు మండుతున్నాయి."

"అత్తయ్యగారూ, ఇప్పటిదాకా చెప్పింది అదే కదా. ఆ తలుపు తీయకూడదు."

"ఫ్రిజ్ మీద ఏముంది? తొంభై. ముద్రేసి పంపింది మీ ప్రయోగశాలే. అది అబద్ధమా?"

"అది చలికాలపుది."

"కాగితం మీద చలికాలం అని లేదు. తొంభై అని ఉంది." ఆమె కర్ర తీసుకుని లేచింది. "ఏమెలి ముప్ఫై వేసవులు ఈ నడవాలోనే మధ్యాహ్నం నిద్రపోయాడు. గుండె ఆగి పోయాడు, ఊపిరితిత్తులు ఆగి కాదు. మీరు ఒక అగ్గిపుల్ల పొగ చూసి, నా మొగుడు ఇంట్లోకి విషం తెచ్చాడంటే నేను నమ్మాలా? అంకె తెండి. తెచ్చిన రోజు నేనే మేకులు కొడతాను."

ఓయివాకు ఇల్లు మొత్తం తన చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త వైపు నుంచి మూసుకున్నట్టు అనిపించింది. వెళ్ళడానికి ఇక అంకె అక్కర్లేదు. రెండు సంచులు సర్దుకుంటే చాలు. కాని తాము గడప దాటిన మరుక్షణం ఆమె గడియ తీస్తుంది. గడపకు ఆవలికి కాళ్ళు చాపుకుని, గుట్ట విడిచే ఊపిరిని సెప్టెంబరు దాకా పీలుస్తుంది. వచ్చే ఏడూ అంతే. ఆమె చేతిలో ఉన్న సాక్ష్యం అతను అడిగి తెప్పించినదే. దాన్ని కొట్టేయగలిగింది ఇంకో అంకె ఒక్కటే; దానికింకా నలభై రెండు రోజులు కావాలి, ఆపైన ఫలితానికి మూడు వారాలు.

"తలుపు మూసి కొలిస్తే?" అంది సిర్కా, తల్లితోనా మొగుడితోనా తెలియకుండా.

"మూసి కొలిస్తే అది నా ఇల్లు కాదు," అంది ఎల్వీరా. "ఎప్పటిలాగే బతకమన్నారు కదా మీ కాగితంలో."

చివరకు కుదిరిన ఒప్పందంలో ముగ్గురికీ నచ్చినది ఒక్కటీ లేదు. చలికొట్టు తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది. డబ్బా కింది గదిలోనే ఉంటుంది. మనుషులు మాత్రం ఉండరు. అంకె వచ్చేదాకా ఎల్వీరా కూడా కిందికి దిగదు, మెట్ల తలుపు మూసే ఉంచుతారు. ఆ షరతు దగ్గర ఆమె గంటసేపు బేరమాడింది, సిర్కా ఏడవడం మొదలుపెట్టాక ఒప్పుకుంది. వాన పడిన రోజు తాను గడియ తీసిన సంగతి కూడా ఓయివా చెప్పేశాడు. ఆ ఒక్క రోజును చీటీ వెనక రాయమంది సిర్కా. రాశాడు. రాస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి చూసింది, తేదీ సరిగ్గా వేశాడో లేదోనని.

సోమవారం పొద్దున అతను తుర్కుకు ఫోన్ చేశాడు. సెప్టెంబరు పదిహేనుకు వస్తానన్నాడు. పాత సహోద్యోగి ఇబ్బందిగా దగ్గాడు. ఆగస్టు దాటితే మాట ఇవ్వలేనన్నాడు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారట. ఒకసారి ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆలోచించుకున్నానని చెప్పి ఓయివా ఫోన్ పెట్టేశాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో ఉండిపోవాలని తనంతట తాను నిర్ణయించుకున్నాడు. అదీ, బయటికి తలుపు తెరుచుకున్న వారంలోనే.

మంచాలు పై అంతస్తుకు ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఎల్వీరా గదిలో మూడు మంచాలు పడితే నడవడానికి మూరెడు దారి మిగిలింది. బల్ల పట్టక, జర్మను పుస్తకం కుట్టుమిషన్ మీదికి చేరింది. పైన ఇనపరేకు కప్పు ఎండకు టక్కుటక్కుమంటోంది. గదిలో ముప్ఫై రెండు డిగ్రీలు. ముగ్గురూ తమ తమ మంచాల మీద కూర్చుని, మోకాళ్ళు తగలకుండా సర్దుకుంటూ కాఫీ తాగారు. సిర్కా అతనితో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కాని చక్కెర అందించింది.

"ఏమన్నారు వాళ్ళు?" అడిగింది ఎల్వీరా.

"మాట ఇవ్వలేమన్నారు."

ఆమె కప్పులోకి ఊదుకుంది. "తుర్కులో గుట్టలుంటాయా?"

"ఎక్కువ లేవు. అంతా బంకమట్టి నేల."

"బంకమట్టా? మరి దుంపలు ఎక్కడ దాచుకుంటారు?"

"ఫ్రిజ్‌లో, అత్తయ్యగారూ."

"పాపం," అంది ఎల్వీరా, మనస్ఫూర్తిగా. మూసిన మెట్ల తలుపుకు అవతల, ఖాళీ గదిలో, చల్లగాలి నేల వెంబడి పారుతూ ఉంటుందని ముగ్గురికీ తెలుసు. సిర్కా గోడమీది క్యాలెండరు దించి ఒళ్ళో పెట్టుకుని, నలభై రోజులు లెక్కపెట్టి, ఆగస్టు పద్నాలుగు చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. తర్వాత పెన్సిలును ఓయివా వైపు చాపింది, ఆపైన ఫలితానికి పట్టే మూడు వారాలు అతను లెక్కపెట్టుకోవాలన్నట్టు.